చిమ్నీల నగరం – 11: సాయంత్రాల కోసం కట్టిన మేడలు

గత సంచికలో ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల సంగతి చెప్పుకున్నాం. రేకుల షెడ్లు, లేతు మిషన్లు, షిఫ్టు సైరన్లు, వాటి చుట్టూ అల్లుకున్న బస్తీలు. అదంతా పని వేళల కథ. ఈసారి పని దిగిన తర్వాతి వేళ సంగతి చూద్దాం. సాయంత్రం కార్డు కొట్టి గేటు దాటిన మనిషి ఎక్కడికి పోయాడు?

నాచారంలో దీనికి జవాబు తేలిక. ఇంటికి పోయాడు. లేదంటే ఇరానీ హోటలుకో, కల్లు కాంపౌండుకో, టాకీసుకో పోయాడు. యూనియన్ మీటింగు ఉంటే ఏ చెట్టు కిందో, ఎవరింటి అరుగు మీదో కూర్చున్నాడు. అతని సాయంత్రం కోసం కంపెనీ ఒక హాలు కట్టాలని ఏ చట్టమూ అనలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 250 మంది దాటిన చోట క్యాంటీన్ పెట్టమంది. 150 మంది దాటితే విశ్రాంతి గది, భోజనాల గది ఉండాలంది. 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేస్తే వాళ్ళ పసిపిల్లలకు ఒక గది చూపించమంది. అంతటితో ఆగింది. చిన్న షెడ్లకు ఆ లెక్క కూడా వర్తించదు. ఇరవై ముప్ఫై మందితో నడిచే యూనిట్‌కు క్యాంటీనంటే గేటు బయటి టీ బండే.

ఇప్పుడు ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్ హైవే పట్టుకోండి. ఏళ్ళ తరబడి కడుతూనే ఉన్న ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల పక్కనుంచి నారపల్లి దాటి పోచారం దాకా వెళ్ళండి. దారి పొడవునా అపార్టుమెంట్ల హోర్డింగులు. ధర కంటే పెద్ద అక్షరాల్లో కనిపించే మాట క్లబ్‌హౌస్. ఈత కొలను, జిమ్, షటిల్ కోర్టు, పార్టీ హాలు, అన్నీ గేటు లోపల. పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో పనిచేసే కుర్రాడు ఇరవయ్యేళ్ళ ఈఎంఐ కట్టి ఆ సాయంత్రాన్ని కొనుక్కుంటాడు. ఆ క్యాంపస్ గేటు దగ్గర కాపలా కాసే సెక్యూరిటీ గార్డుకు ఆ క్లబ్‌హౌస్‌లోకి ప్రవేశం లేదు.

దాదాపు వందేళ్ళ కిందట ఒక దేశం ఇందుకు పూర్తిగా ఎదురు లెక్క వేసింది. క్లబ్బు డబ్బున్నవాడు కొనుక్కునేది కాదనీ, పనిచేసేవాడికి పనితో పాటు రావలసినదనీ తేల్చింది. ఆ లెక్కను కాంక్రీటులో పోసి చూపించింది. ఆ ఒరవడి భిలాయి మీదుగా మన బాలానగర్‌కూ, విశాఖకూ చేరింది. ఈ విడత ఆ కట్టడాల కథ.

దొరల క్లబ్బు, రైలు క్లబ్బు

క్లబ్బు అనగానే మన ఊళ్ళో ముందు గుర్తొచ్చేది సికింద్రాబాద్ క్లబ్బు. 1878లో బ్రిటిష్ కంటోన్మెంటు అధికారుల కోసం పుట్టింది. 1884లో నగరం వైపు నిజాం క్లబ్బు వచ్చింది. ఒకదాంట్లో దొరలు, రెండోదాంట్లో నవాబులు, ఉన్నతోద్యోగులు. 2022 జనవరి 16న తెల్లవారుజామున సికింద్రాబాద్ క్లబ్బు పాత భవనం కాలిపోయినప్పుడు పత్రికలు పెద్ద వార్త చేశాయి. నగరం నిజంగానే బాధపడింది, బాధపడాల్సిన నష్టమే అది.

రెండో రకం రైలు క్లబ్బు. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. ఇలాంటి రైల్వే కేంద్రాలున్న చోటల్లా దేశమంతటా ‘ఇన్‌స్టిట్యూట్’ పేరుతో హాళ్ళు లేచాయి. బిలియర్డ్స్ బల్ల, చెక్క నేల పరిచిన డాన్సు హాలు, పత్రికలు చదువుకునే గది. తెల్లవాళ్ళకూ ఆంగ్లో ఇండియన్లకూ ఒకటి, దేశీ సిబ్బందికి వేరొకటి. గ్యాంగుమన్‌ మాత్రం చాలాకాలం రెండింటికీ బయటే. దొరల క్లబ్బులో హోదా, రైలు క్లబ్బులో రంగు, గ్రేడు. మనిషి ఎవరో చూశాకే తలుపు తెరుచుకునేది.

మాస్కోలో కొత్త లెక్క

1917 విప్లవం జరిగిన కొద్ది రోజులకే సోవియట్ ప్రభుత్వం ఎనిమిది గంటల పనిదినాన్ని శాసనం చేసింది. పదో వార్షికోత్సవం నాడు, 1927లో, దాన్ని ఏడు గంటలకు తగ్గిస్తామని ప్రకటించింది. పని గంటలు తగ్గాయి గానీ ఇళ్ళు పెరగలేదు. పల్లెల నుంచి జనం పోటెత్తి మాస్కోకు వస్తున్నారు. ఒక ఫ్లాటులో గదికొక కుటుంబం, అందరికీ కలిపి ఒకే వంటిల్లు. ఇంట్లో కాళ్ళు చాపుకునే చోటు లేదు. చర్చికి వెళ్ళడం కొత్త ప్రభుత్వానికి నచ్చదు, సారా కొట్టుకు వెళ్ళడం అంతకన్నా నచ్చదు. మరి మిగిలిన సాయంత్రం ఎక్కడ గడపాలి?

దానికి వెతికిన జవాబే కార్మిక క్లబ్బు. ట్రేడ్ యూనియన్లు డబ్బు పెట్టాయి, యువ ఆర్కిటెక్టులు గీతలు గీశారు. నాటకం, సినిమా, గ్రంథాలయం, చదరంగం, కుట్టు, రేడియో, అక్షరాలు దిద్దే తరగతులు, అన్నీ ఒకే కప్పు కింద. రాజకీయ ఉపన్యాసమూ అదే కప్పు కిందే. పార్టీ ప్రచారానికి క్లబ్బు పనిముట్టు అన్న మాట దాచాల్సిన పనిలేదు. కానీ ప్రచారం వినడానికి వచ్చినవాడు వయొలిన్ కూడా నేర్చుకుని వెళ్ళాడు.

1925లో పారిస్‌లో అంతర్జాతీయ అలంకార కళల ప్రదర్శన జరిగింది. సోవియట్ మంటపాన్ని కాన్‌స్తాంతిన్ మెల్నికోవ్ చెక్కతో, గాజుతో కట్టాడు. అదే ప్రదర్శనలో అలెగ్జాండర్ రోద్చెంకో ఒక కార్మిక క్లబ్బు గదిని అమర్చి చూపించాడు. ఎరుపు, నలుపు, బూడిద, తెలుపు, అంతే రంగులు. అందులో చదరంగం బల్ల అందరి కళ్ళనూ పట్టుకుంది. ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యలో కదిలే పలక. ఆటగాళ్ళు కుర్చీల్లోకి చేరడానికి దారిచ్చి, తర్వాత బల్లగా సర్దుకుంటుంది. తక్కువ కలపతో, తక్కువ చోటులో, రోజంతా మిషన్ దగ్గర నిలబడ్డ ఇద్దరు మనుషులు దర్జాగా కూర్చోవాలని ఒక పెద్ద కళాకారుడు తల బద్దలు కొట్టుకున్న బల్ల అది.

మూడు దిమ్మెలు, ఒక గాజు మెట్లదారి

మెల్నికోవ్ 1927 తర్వాత నాలుగైదేళ్ళలో వరసగా క్లబ్బులు కట్టాడు. వాటిలో పేరు మోసినది మాస్కో స్త్రోమింకా వీధిలోని రుసకోవ్ క్లబ్బు. 1927లో మొదలై 1929కి పూర్తయింది. వీధిలో నిలబడి చూస్తే, సొరుగులు సగం బయటికి లాగి వదిలేసిన బీరువాలా ఉంటుంది. మొదటి అంతస్తు మీది నుంచి మూడు పెద్ద కాంక్రీటు దిమ్మెలు ఏ స్తంభమూ లేకుండా రోడ్డు వైపు పొడుచుకొచ్చాయి. అది అలంకారమనుకుంటే పొరపాటు. ఆ మూడూ ప్రేక్షకశాల వెనక వరసలు. లోపల కుర్చీలు ఎంత వాలుగా పైకి లేస్తాయో బయట గోడ కింది భాగం అంతే వాలుగా ఉంటుంది. జరిపే గోడలతో ఆ ఒక్క హాలునూ విడి విడి గదులుగా చేసుకోవచ్చు. ఒక పక్క ఉపన్యాసం, ఇంకో పక్క రిహార్సలు. అందరూ కలవాలంటే గోడలు తీసేస్తే వెయ్యిమందికి పైగా పట్టే నాటకశాల.

అదే రెండేళ్ళలో లెస్నాయా వీధిలో ఇల్యా గోలొసోవ్ జుయేవ్ క్లబ్బు కట్టాడు. ఇక్కడ చూడాల్సింది మూల. వీధి మలుపులో నిలువెత్తు గాజు గొట్టం, దాన్ని చీల్చుకుంటూ పోయే ఒక బరువైన అడ్డం దిమ్మె. గొట్టం లోపల ఉన్నది మెట్లదారి. రాజభవనంలో మెట్లు రాజు దిగివస్తుంటే జనం చూడ్డానికి కడతారు. గోలొసోవ్ మెట్లు కట్టింది మామూలు మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉంటే వీధి మొత్తానికీ కనిపించాలని. రాత్రి దీపాలు వెలిగించాక ఆ కట్టడానికి వేరే బోర్డు అక్కర్లేదు. లోపల మనుషులున్నారని దూరం నుంచే తెలుస్తుంది.

ఈ జోరు ఎక్కువ కాలం సాగలేదు. 1932లో స్వతంత్ర కళా సంఘాలన్నీ రద్దయ్యాయి. స్తాలిన్ కాలానికి స్తంభాలు, చూర్లు, శిల్పాలు తిరిగొచ్చాయి. మెల్నికోవ్ మీద ‘ఫార్మలిస్టు’ (రూపవాది) ముద్ర వేసి పక్కన పెట్టారు. 1974 దాకా బతికాడు గానీ, ముప్ఫైల తర్వాత అతని చేతికి చెప్పుకోదగ్గ పని రాలేదు. ఆ క్లబ్బుల ధోరణిలో వచ్చిన ఆఖరి పెద్ద కట్టడాల్లో ఒకటి వెస్నిన్ సోదరులు 1930–37 మధ్య జిల్ కార్ల కర్మాగారం కార్మికుల కోసం కట్టిన సంస్కృతి భవనం. నాటకశాల, గ్రంథాలయం, నక్షత్రాలు చూసే గోపురం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ స్థలంలో అంతకుముందున్న సిమొనోవ్ మఠంలో చాలా భాగాన్ని కూల్చి దీన్ని కట్టారు. పాతదాన్ని కూల్చి పైకి లేచిన కట్టడమే ఇవాళ కాపాడుకోవలసిన వారసత్వంగా మారింది. వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు ఈ ముల్లును కూడా చేత పట్టుకునే మాట్లాడాలి.

భిలాయి దారిలో

1955 సోవియట్ నిర్మాణ చరిత్రలో మలుపు. ఆ నవంబరులో క్రుశ్చేవ్ ప్రభుత్వం కట్టడాల్లో ‘అతిశయాల’ తొలగింపుకు ఉత్తర్వు ఇచ్చింది. నగిషీలు వద్దు, చవకగా, వేగంగా, ఒకే నమూనాలో కట్టండి అంది. అదే ఏడాది ఫిబ్రవరి 2న ఢిల్లీలో భిలాయి ఉక్కు కర్మాగారం ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. అంటే మన దేశానికి వచ్చింది మెల్నికోవ్ రోజుల ఆవేశపు వాస్తుశైలి కాదు, దాని తర్వాత కాలపు పొదుపైన, గీత గీసినట్టుండే శైలి. క్లబ్బు ఆలోచన మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది. కర్మాగారం కడితే పక్కన ఊరు కట్టాలి, ఊరు కడితే అందులో బడి, ఆసుపత్రి, బజారుతో పాటు అందరూ కూడే హాలు ఉండాలి.

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అంకెలతో పిలిచే సెక్టార్లుగా టౌన్‌షిప్ పెరిగింది. సెక్టార్ 1లో నెహ్రూ సాంస్కృతిక సదన్ లేచింది. సోవియట్ ఊళ్ళలోని సంస్కృతి భవనాలకు అది సొంత చెల్లెలు. 1972లో రెండు దేశాల స్నేహానికి గుర్తుగా మైత్రీబాగ్ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి వేల కుటుంబాలు రైలెక్కి అక్కడికి పోయాయి. అక్కడి ఆంధ్ర సాహిత్య సమితి, సెక్టార్ 5 బాలాజీ గుడి ఆ వలసకు సాక్ష్యాలు. ఉత్తరాంధ్ర మాండలికంలో మాట్లాడుకునే మనిషి రష్యన్ ఇంజనీరు పక్కన పనిచేసి, సాయంత్రం నాటకం చూసిన ఊరు భిలాయి.

బాలానగర్‌కు చేరిన కథ

హైదరాబాద్‌కు ఈ ఒరవడి మందుల రూపంలో వచ్చింది. 1959లో సోవియట్ యూనియన్‌తో మందుల కర్మాగారాల ఒప్పందం కుదిరింది. 1961 ఏప్రిల్ 5న ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ ఏర్పడింది. యాంటీబయాటిక్‌లు రిషికేశ్‌కు, శస్త్రచికిత్స పరికరాలు మద్రాసుకు, సింథటిక్ మందులు హైదరాబాద్ బాలానగర్‌కు కేటాయించారు. 1960ల చివరికల్లా సల్ఫా మందులు, విటమిన్లు, అనాల్జిన్ ఇక్కడ తయారయ్యాయి. కల్లం అంజిరెడ్డి 1969 నుంచి 1975 దాకా ఇక్కడే పనిచేశారు, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హైదరాబాద్ ఇవాళ బల్క్ డ్రగ్స్ రాజధాని అనిపించుకుంటోందంటే ఆ విద్య మొదట నేర్పిన బడి ఐడీపీఎల్.

దాదాపు 900 ఎకరాల్లో కర్మాగారంతో పాటు క్వార్టర్లూ వచ్చాయి. నగరానికి అటు చివర రామచంద్రాపురంలో చెకోస్లొవేకియా సాయంతో బీహెచ్‌ఈఎల్ లేచింది. దానికీ ఇలాంటి టౌన్‌షిప్పే. తర్వాతి తరంలో విశాఖ. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రం భగ్గుమంది, ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1979లో సోవియట్ ఒప్పందం కుదిరింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. కర్మాగారాన్ని అంకితం చేసేనాటికి దానికి సాయం చేసిన సోవియట్ యూనియన్ ప్రపంచ పటంలో లేదు. ఉక్కునగరం మాత్రం నిలబడింది, సెక్టార్లతో, స్టేడియంతో, ఉక్కు క్లబ్‌తో.

ఇలాంటి టౌన్‌షిప్‌లలో పెరిగినవాళ్ళను కదిపి చూడండి. క్వార్టరు నంబరు కంటే ముందు హాలు సంగతే చెబుతారు. శనివారం రాత్రి తెర కట్టి వేసిన సినిమా, ఉగాది కవి సమ్మేళనం, నాటక పరిషత్తు పోటీలకు వెళ్ళబోయే ముందు నెలరోజుల పాటు సాగిన రిహార్సళ్ళు, యూనియన్ ఎన్నికల లెక్కింపు, ఫోర్‌మన్ కూతురి పెళ్ళి, హెల్పర్ కూతురి పెళ్ళి. ఆఖరి రెండూ ఒకే హాల్లో జరగడమే ఇందులో అసలు విశేషం. నాచారంలో పనిచేసిన ఫిట్టరుకూ, బాలానగర్‌లో పనిచేసిన ఫిట్టరుకూ జీతంలో ఉన్న తేడా ఒకటి, సాయంత్రంలో ఉన్న తేడా ఒకటి.

అందం ఎక్కడుంది?

“ఇందులో అందమేముంది, సర్కారు గోదాములా ఉంది కదా” అనేవాళ్ళు ఎక్కువ. చార్మినార్ చూసిన కళ్ళతో చూస్తే ఆ మాట నిజమే. చూసే పద్ధతి మార్చుకోవాలి. 1960లు, 70ల నాటి హాలు దగ్గరికి వెళ్ళినప్పుడు ముందుగా గేటు నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లున్నాయో చూడండి. దర్బారు మేడకు ఎత్తైన మెట్లుంటాయి. కార్మిక హాలుకు రెండో మూడో ఉంటాయి, సైకిలు స్టాండు పక్కనే గుమ్మం. తర్వాత వరండా. వాన పడితే వందమంది నిలబడే వెడల్పు ఉంటుంది. కిటికీల మీద లోతైన సజ్జ, పడమటి గోడకు సిమెంటు జాలీ. ఏసీ లేని రోజుల్లో మే నెల నాటకాన్ని ఆ జాలీలే నడిపించాయి. కింద షాబాద్ బండ లేదా మొజాయిక్. రోజుకు వెయ్యి పాదాలు తొక్కినా యాభై ఏళ్ళు నిలిచే నేల. లోపల మధ్యలో స్తంభం లేకుండా చూరు నుంచి చూరు దాకా సాగిన కాంక్రీటు దూలాలు, ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ రంగస్థలం పూర్తిగా కనిపించేలా.

ఇవన్నీ చౌకలో చేసిన నిర్ణయాలు, కానీ మనిషిని మనసులో పెట్టుకుని చేసినవి. ఒక సమాజం తన పనివాళ్ళకు ఏ స్థాయి చోటు ఇవ్వాలనుకుందో చెప్పే దస్తావేజులు ఈ హాళ్ళు. కాగితపు దస్తావేజును ఆర్కైవ్స్‌లో భద్రం చేస్తాం. ఈ దస్తావేజుల్ని భూమి ధర చూసి చింపేస్తున్నాం.

పెచ్చులు, ఫైళ్ళు, ఎకరాలు

ఈ కట్టడాలను చంపేవి మూడు. మొదటిది నీళ్ళు. కాంక్రీటులో ఉండే క్షారగుణం లోపలి ఇనుప చువ్వలను తుప్పు నుంచి కాపాడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి ఇంకి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. డాబా మీద నీళ్ళు పోయే గొట్టం ఆకులతో పూడిపోతే చెమ్మ దిగుతుంది. చువ్వకు పట్టిన తుప్పు, అది తినేసిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి పైపూతను తన్నేస్తుంది. అదే మనం పెచ్చులు ఊడటం అంటాం. ఈ జబ్బుకు మందు ఉంది. ఊడిన మేర చెక్కి, చువ్వ శుభ్రం చేసి, పూత వేసి, మళ్ళీ పూడ్చాలి. అంతకంటే ముందు డాబా గొట్టాన్ని ఏటా వానాకాలానికి ముందు శుభ్రం చేయించాలి. పెచ్చులూడిన ఫొటో ఒకటి ఫైల్లో పెట్టి ‘శిథిలావస్థ’ అని రాసేస్తే కూల్చివేతకు దారి సుగమం. చాలా కట్టడాల చావు ఇలాగే ఫైల్లో మొదలవుతుంది.

రెండోది చట్టం. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం వందేళ్ళు నిండనిదాన్ని పురాతనం అనదు. 1967లో కట్టిన హాలు 2067 దాకా ఆగాలి. హైదరాబాద్‌లో 1995లో పట్టణ నిబంధనల కింద వారసత్వ భవనాల జాబితా వచ్చింది. 2015 డిసెంబరులో ఆ నిబంధనను తీసేశారు, 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. ఈ జాబితాల్లో కోటలు, దేవిడీలు, నిజాం కాలపు ఆసుపత్రులు, కాలేజీలు ఉంటాయి. స్వాతంత్ర్యం తర్వాతి కట్టడం కోసం వెతుక్కోవలసిందే. ఢిల్లీ అనుభవం మనకు హెచ్చరిక. 1972లో రాజ్ రేవాల్ రూపకల్పనతో, మహేంద్రరాజ్ ఇంజనీరింగుతో ప్రగతి మైదాన్‌లో లేచిన హాల్ ఆఫ్ నేషన్స్ ప్రపంచం మెచ్చిన కట్టడం. అరవై ఏళ్ళు నిండలేదు కాబట్టి వారసత్వం కిందికి రాదన్నారు. 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూల్చేశారు.

మూడోది భూమి. ఐడీపీఎల్ 1992లో ఖాయిలా జాబితాకెక్కింది. 2016 డిసెంబరు 28న కేంద్ర మంత్రివర్గం సంస్థను మూసేయాలనీ, మిగులు భూములమ్మి అప్పులు తీర్చాలనీ తీర్మానించింది. అలాంటి లెక్కల పుస్తకంలో ఎకరాకు ధర ఉంటుంది, హాలుకు ఉండదు. హాలు ఉంటే భూమి ఖాళీగా లేనట్టు, కాబట్టి అది అడ్డంకి. విశాఖ ఉక్కుకూ 2021 జనవరి 27న పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయ ఆమోదం పడింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. ఈ వాదోపవాదాల్లో ఫర్నేసుల మాట వినిపించింది, ఎకరాల మాట వినిపించింది. ఉక్కునగరం కట్టడాల మాట ఎక్కడైనా విన్నారా?

మాస్కోలో ఏం జరిగింది

1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక క్లబ్బులకు డబ్బు పెట్టిన యూనియన్లు, కర్మాగారాలు చేతులెత్తేశాయి. తర్వాతి ముప్ఫై ఏళ్ళలో ఈ కట్టడాలు వేరు వేరు దారులు పట్టాయి. రుసకోవ్ క్లబ్బు 1990లలో శిథిలమై ప్రపంచ స్మారకాల నిధి హెచ్చరిక జాబితాకెక్కింది. రోమన్ విక్త్యూక్ నాటక సంస్థ చేతికి వచ్చాక 2010లలో మరమ్మతు జరిగి మళ్ళీ నాటకాలాడుతోంది. జుయేవ్ క్లబ్బులో ప్రదర్శనలు ఆగలేదు. జిల్ కర్మాగారం మూతపడి, ఆ స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. సంస్కృతి భవనం మాత్రం నగర సాంస్కృతిక కేంద్రంగా నడుస్తోంది. కార్లు తయారుచేసినవాళ్ళు పోయారు, వాళ్ళ హాలులో ఊరి పిల్లలు బొమ్మలు గీస్తున్నారు.

ఇంకో ఉదాహరణ చూడండి. నార్కోమ్‌ఫిన్ అనే 1928–30 నాటి ఉమ్మడి నివాస భవనాన్ని దాని ఆర్కిటెక్టు మొయిసెయి గింజ్‌బుర్గ్ మనవడే 2020కల్లా అద్భుతంగా పునరుద్ధరించాడు. రంగు నుంచి కిటికీ చట్రం దాకా అసలుకు తగ్గట్టే చేశాడు. ఉమ్మడి బతుకు కోసం కట్టిన ఆ ఇల్లు ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లు. గోడలు దక్కాయి, ఉద్దేశం దక్కలేదు.

వీటన్నింటినీ పక్కపక్కన పెడితే తేలేది ఒక్కటే. పని ఉన్న హాలు బతికింది. ఎవరో ఒకరు రోజూ తాళం తీసి దీపం వేసిన చోట పెచ్చులూడితే ఆ వారమే కనిపించింది, బాగుచేయించారు. తాళం పడిన చోట కప్పు కూలేదాకా ఎవరికీ తెలియలేదు. కాబట్టి ‘రక్షిత కట్టడం’ అని నీలిరంగు బోర్డు పెట్టడం సగం పనే. లోపల ఏం జరగాలో తేల్చడం మిగతా సగం.

చేయాల్సిన పని

ముందు లెక్క తీయాలి. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వరంగ టౌన్‌షిప్‌లలో ఎన్ని హాళ్ళున్నాయి, ఎవరు గీశారు, నక్షాలు ఎక్కడున్నాయి? మాసబ్ ట్యాంకు దగ్గరి ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ విద్యార్థులు ఏటా గోల్కొండనే కొలవక్కర్లేదు. ఒక బ్యాచ్ బాలానగర్ కొలవొచ్చు, ఒక బ్యాచ్ రామచంద్రాపురం కొలవొచ్చు. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ హైదరాబాద్ శాఖ పాత మేడలకు ఇచ్చే అవార్డుల్లో కార్మిక హాళ్ళకూ చోటివ్వాలి. వారసత్వ చట్టానికి వయసుతో పాటు సామాజిక విలువ కూడా కొలబద్ద కావాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ప్రభుత్వం ఏ కర్మాగారం భూమి అమ్మినా, వేలం షరతుల్లో ఒక వాక్యం చేర్చాలి: హాలు, దాని ముందున్న మైదానం అమ్మకానికి కావు, అవి స్థానిక మున్సిపాలిటీకి చెందుతాయి. ఐడీపీఎల్ తొమ్మిది వందల ఎకరాల్లో రెండెకరాలు తగ్గితే ఖజానా మునిగిపోదు.

పోచారం, నాచారం వాళ్ళకు దీంతో ఏం పని అంటారేమో. ఉంది. ఈ తూర్పు వైపు ఫ్యాక్టరీలున్నాయి, ఐటీ ఉంది, ఫ్లాట్లున్నాయి. డబ్బు కట్టకుండా, కార్డు చూపకుండా రెండొందల మంది కూర్చుని నాటకం చూసే హాలు ఎక్కడుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. ఉన్నవాటిని కాపాడుకోలేని నగరం కొత్తవి కడుతుందని ఆశపడలేం. మీ అమ్మానాన్నలు ఐడీపీఎల్‌లోనో, బీహెచ్‌ఈఎల్‌లోనో, విశాఖ ఉక్కులోనో, భిలాయిలోనో పనిచేసి ఉంటే ఇంట్లో పాత ఆల్బమ్ తీయండి. ఏదో ఒక వార్షికోత్సవం ఫొటోలో, బహుమతి అందుకుంటున్న పిల్లవాడి వెనక, ఆ హాలు గోడ, రంగస్థలం, కిటికీ జాలీ కనిపిస్తాయి. ఫొటో వెనక సంవత్సరం, ఊరు, సందర్భం రాసి మా కార్యాలయానికి ఒక ప్రతి పంపండి. ఈ కట్టడాల చరిత్ర ఏ ప్రభుత్వ ఫైల్లోనూ వరసగా దొరకదు. దాన్ని కూర్చగలిగింది ఆ హాళ్ళలో పెరిగినవాళ్ళే.

వచ్చే సంచికలో మళ్ళీ మన తూర్పు దిక్కుకే వద్దాం: 1967లో ఈసీఐఎల్, 1971లో ఎన్‌ఎఫ్‌సీ వచ్చాక మౌలాలి గుట్టల రూపు ఎలా మారిపోయిందో చూద్దాం.

(సశేషం)